మెట్లు లేని నిచ్చెనలు

నిచ్చెనలు చేసే ఆయన కోపం ఊరందరికీ తెలిసిందే. పొద్దున్నే ఆయన్ని ఓ మాట అని, పక్కన నీళ్ల బిందె పెడితే చాలు, పొయ్యి వెలిగించకుండానే స్నానానికి నీళ్లు కాగుతాయని వీధిలో చెప్పుకునేవాళ్లు. అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి అందరూ ఆయన్ని చిటపటలాయన అనేవాళ్లు, కాస్త దూరంగా నిలబడి.

అలాంటి మనిషి ఆ రోజు నవ్వుతున్నాడు. అది చూసి భార్యకు గుండె జారింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేమే, బ్రహ్మాండంగా ఉన్నా! ఇది మళ్లీ చదువు," అని ఫోను ఆమె ముక్కుకు తగిలించినంత పని చేశాడు.

ముందురోజు వచ్చిన మెయిల్ అది. 'గౌరవనీయులైన ఉత్పత్తిదారు గారికి. మీ సరుకు నాణ్యతను ప్రపంచమంతా మెచ్చుకుంటోంది. మాకు అలాంటివి పదివేలు కావాలి. మీరు చెప్పిందే ధర. రేపు సాయంత్రంలోగా నమోదు రుసుము పంపితే ఒప్పందం మీదే.'

"జుట్టు నెరిసేదాకా నిచ్చెనలు చేశానే. ఈ వీధిలో ఒక్కడైనా బాగుందన్నాడా? ఎక్కేటప్పుడు ఊగుతోందంటాడు, దిగేటప్పుడు బరువంటాడు. చూడు, ఎక్కడివాళ్లో మెచ్చుకున్నారు!"

రుసుముకు చేతిలో డబ్బు లేదు. అందుకని షెడ్డులోని బెజ్జాల మిషన్‌ను పాత ఇనుము వ్యాపారికి బేరం పెట్టేశాడు. నిలువు కర్రల్లో మెట్లు బిగించడానికి బెజ్జాలు వేసేది అదే. అది పోతే ఉలి పట్టుకుని తొలుచుకుంటూ కూర్చోవాలి.

"పదివేల నిచ్చెనలు ఉలితో తొలుస్తారా?" అంది భార్య.

"ఒప్పందం కుదిరితే పది మిషన్లు కొంటాను. నువ్వు నోరు మూసుకుని చూడు!"

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు షెడ్డులోకి వచ్చాడు. గోడలకు రంగులేసే మనిషి, కొత్త నిచ్చెన కోసం వచ్చాడు. నిచ్చెన కొనడమంటే అతనికి పిల్లకు సంబంధం చూడటమంత పని. ఊపుతాడు, వేలితో కొడతాడు, ఎక్కుతాడు, దిగుతాడు, వంక పెడతాడు.

"బావా, మూడో మెట్టు కిర్రుమంటోంది. ధర తగ్గించు."

"కిర్రుమనేది నీ నడుంరా! ఇక నీలాంటి పిసినారులకు అమ్మను, పో!" అంటూ గర్వంగా మెయిల్ చూపించాడు.

బామ్మర్ది రెండుసార్లు చదివాడు.

"బావా, ఇందులో నిచ్చెన అన్న మాట ఎక్కడుంది?"

"సరుకంటే మరేమిట్రా?"

"చీపురు కావచ్చు, చెప్పులు కావచ్చు. వీడు పొడుగెంతని అడగలేదు, మెట్లెన్నని అడగలేదు, బేరమన్నా ఆడలేదు. ఇదే ఉత్తరం చెప్పుల వాడికీ పంపి ఉంటాడు. నేనొక్కటి కొనడానికే నీ ప్రాణం తోడేస్తాను కదా, పదివేలు కొనేవాడికి నోరు లేదా? వాడికి కావలసింది నీ రుసుము బావా, నిచ్చెన కాదు."

"ఓర్వలేక ఏడుస్తున్నావు!" చిటపటలాయన కాలి కింది చెక్కపొట్టును తన్నాడు. అది వెళ్లి భార్య చేతిలోని టీ గ్లాసులో పడింది. "వాళ్లు పనితనం తెలిసినవాళ్లు. ఉండు, నిరూపిస్తాను."

అప్పటికప్పుడు జవాబు రాశాడు. 'మా దగ్గర మెట్లు లేని నిచ్చెనలే ఉన్నాయి. తీసుకుంటారా?'

"చూస్తూ ఉండు. మెట్లు లేని నిచ్చెనేమిట్రా అని ఇప్పుడు నన్ను బండబూతులు తిడతారు. అప్పుడు నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో!"

తిట్ల కోసం అంత ఆశగా ఎదురుచూసిన మనిషిని లోకం ఎరగదు. భార్య ఇంకో గ్లాసు టీ తెచ్చేలోపే ఫోను మోగింది.

'అద్భుతం! మాకు కావలసినవి అవే. రుసుము ఎప్పుడు పంపుతున్నారు?'

ఎప్పుడూ ఎగతాళి చేసే బామ్మర్ది కూడా నవ్వలేదు.

"మెట్లు లేకపోతే ఎలా ఎక్కుతావురా!" అని ఫోనులోకి అరిచాడు చిటపటలాయన, అవతల ఎవరో వింటున్నట్టు. "తోక చుట్టుకుని ఎక్కుతావా? నా నిచ్చెన మీద కాలు పెట్టావా? చేత్తో తాకావా? తాకనివాడివి మెచ్చుకోవడానికి నువ్వెవడివిరా! దొంగ వెధవా, రాత్రంతా ఆ ముక్కే చదువుకున్నాను కదరా!"

ఆ అరుపుకు కప్పు మీది కాకులు పక్క ఊరికి వలస పోయాయంటారు. అది నేను చూడలేదు గానీ, మిషన్ కోసం బండి తోలుకొస్తున్న పాత ఇనుము వ్యాపారి మాత్రం వీధి మలుపులోంచే వెనక్కి తిప్పేశాడు. మళ్లీ రాలేదు.

భార్య మెల్లగా ఫోను తీసుకుని ఆ మెయిల్ చెరిపేసింది.

చిటపటలాయన మొహం తుడుచుకుని బామ్మర్ది వైపు ఉరిమి చూశాడు.

"ఏ మెట్టన్నావు?"

"మూడోది."

ఎక్కి చూశాడు. నిజంగానే కిర్రుమంది. ఆ మెట్టు ఊడగొట్టి కొత్తది చెక్కాడు, అది కదలకుండా చీల దిగగొట్టడానికి మిషన్ తిప్పి బెజ్జం వేశాడు. తొక్కి చూశాడు. చప్పుడు లేదు.

బామ్మర్దికి జాలేసింది. "సరే బావా, నువ్వు చెప్పిందే ధర."

చిటపటలాయన చేతిలోని సుత్తి గాల్లోకి లేచింది.

"నువ్వూ మొదలెట్టావా! కొనడానికి వచ్చావా, ముంచడానికి వచ్చావా? ఎక్కు, ఊపు, వంక పెట్టు. బేరమాడరా వెధవా!"