సెరిఫ్ అడిగితే షరీఫ్ వచ్చాడు

“సెరిఫ్ లేకపోతే ఆ పుస్తకం నాకొద్దు” అని అనసూయ టీచరు జిగణి నుంచి ఫోన్లో ఖరాఖండిగా చెప్పింది. నగర్తపేటలో ప్రెస్సు గురుమూర్తి ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో మిషను మోత పెట్టుకుని విన్నాడు. అచ్చు మోతలో హల్లు మారిపోయింది. ఆయనకు ‘షరీఫ్’ అని వినిపించింది. షరీఫ్ అంటే ఇరవై ఏళ్లుగా ఆ ప్రెస్సులో బైండింగు చేస్తున్న మనిషి.

“షరీఫప్పా, టీచరమ్మకి నువ్వే కావాలంట. కుట్టు ఊడిందేమో. సూదీ దారం ఎత్తుకొని పో.”

ఎండకు తలకు తువ్వాలు చుట్టుకుని, రెండు బస్సులు మారి, షరీఫ్ జిగణి చేరాడు.

అక్కడ రేకుల షెడ్డులో ఎనిమిదిమంది ఆడవాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో కుస్తీ పడుతున్నారు. అందరూ ఫ్యాక్టరీలో మూటలు మోసేవాళ్లే. మర్నాడే వాళ్లకు పరీక్ష. చీటీలూ లేబుళ్లూ చదవగలిగితే మెషీను పని, లేకుంటే మళ్లీ మూటలే. వాళ్లకోసమే అనసూయ ఆ పుస్తకం వేయించింది.

“నేనేనమ్మా షరీఫ్. నేను లేకుంటే పుస్తకం వద్దన్నారంట.”

అనసూయ అతన్ని ఎగాదిగా చూసింది. “అక్షరాల సంగతి చెబితే మనిషిని పంపాడేమిటయ్యా?”

షరీఫ్ పుస్తకం తిరగేశాడు. “కట్టు బాగానే ఉండాది కదమ్మా.”

“నా బాధ కట్టు గురించి కాదు. రేణుకా, ఈ ముక్క చదువు.”

రేణుక వేలు పెట్టి చదివింది. “నూట పదకొండు.”

“అది ‘ఇల్’. ఒంట్లో బాగాలేదని. ఒక పెద్ద ఐ, రెండు చిన్న ఎల్‌లు. మూడింటినీ ఒకేలా పుల్లల్లా నిలబెట్టి అచ్చేస్తే ఇదేం చదువుతుంది? ఫ్యాక్టరీ చీటీలో ఇదే మాట చూడండి.”

చీటీలో మొదటి పుల్లకు పైనా కిందా అడ్డగీతలున్నాయి. మిగతా రెండింటికీ నెత్తిన ఎడమపక్క చిన్న కొక్కెం, కింద పాదం. రేణుక తడుముకోకుండా “ఇల్” అంది.

షరీఫ్ నవ్వాడు. “మా పాత సీసం అక్షరాల వాటం ఇదేనమ్మా. కంప్యూటర్లో ఇప్పుడూ ఉండాది. కొత్త మోజని మా ఓనరు వీటికి గుండు కొట్టించినాడు.”

“అయితే జుట్టు మొలిపించేదాకా మీరిక్కడ్నుంచి కదలరు” అని అనసూయ అతని ఫోను తీసుకుని, అందరికీ వినపడేలా పెట్టింది.

“గురుమూర్తిగారూ, సాయంత్రంలోగా అక్షరాలు మార్చి ఎనిమిది పుస్తకాల కాగితాలు పంపండి. కుట్టడానికి మనిషి ఇక్కడే ఉన్నాడు. మీరు పంపేదాకా నేను ఫోను పెట్టను.”

“షరీఫ్ కావాలన్నారు, పంపినా. మళ్లీ కాగితాలేందమ్మా?”

“షరీఫ్ కాదండీ, సెరిఫ్. ఇంగ్లీషు అక్షరాల కొసలకుండే గీతలు. మన అక్షరానికి తలకట్టు ఉంటుందే, అలాంటివి.”

అటువైపు మిషను ఆగింది.

“మూడు గంటలకి కాగితాలు బస్సెక్కిస్తా. అయినా నేను పంపింది తప్పేం కాదమ్మా. తలకట్టు అడిగితిరి. ఆయప్ప తలకు కట్టు ఉండాదా లేదా, మీరే చూడండి.”

ఎనిమిదిమందీ షరీఫ్ తువ్వాలు వైపు చూశారు. షరీఫ్ దాన్ని సర్దుకుని, సూదికి దారం ఎక్కించాడు.