సమావేశానికి ముందు ఒక పేజీ

మా పాల కంపెనీ బోర్డులోకి పాలు పోసేవాళ్లలోంచి ఒకరిని పంపుతారు. ఈసారి నన్ను పంపారు. కొత్తగా వచ్చిన డైరెక్టరుకు సెక్రటరీగారు, కళ్లజోడును గొలుసుకు వేలాడదీసుకునే పెద్దావిడ, ఒక సంచి నిండా పుస్తకాలిస్తారు.

"ఈ లావువి తప్పక చదవండి. డైరెక్టరు బాధ్యతలు, ఆడిటరును అడగాల్సిన ప్రశ్నలు, అందరూ చేతులెత్తుతూ పోయి మునిగిపోయిన కంపెనీల కథలు. ఈ సన్నవి నాకిష్టమని వేశాను. ఒకటి మబ్బుల గురించి. ఒకటి హత్య కథ. తల బొప్పికట్టినప్పుడు తియ్యండి."

నేను సన్నవే ముందు తీశాను.

తెల్లవారుతుండగా కొట్టంలో ఆవు పాలు చేపేదాకా చదివేవాణ్ణి. అంతకుముందు పితికిన బకెట్లోంచి పాల ఆవిరి లేచి పేజీ మీద వాలేది. తర్వాత లావువి మొదలుపెట్టాను. వాటి వాక్యాలు నిద్రలోకీ నడిచి వచ్చేవి. ఒక కలలో మా ఆవులన్నీ బల్ల చుట్టూ చేరాయి. ఎర్రావు అధ్యక్షురాలు. దాని దూడకు మేత ఎంత అనే మాట రాగానే ఎర్రావు లేచి, తీరిగ్గా గుమ్మం దాటి, బయట మంచులో నిలబడింది. తనవాళ్లకు లాభముండే విషయం చర్చకొస్తే ఆ సభ్యుడు గదిలో ఉండకూడదని లావు పుస్తకంలోనూ ఉంది. ముందు కలలో చూశానో, పుస్తకంలో చదివానో ఇప్పుడు చెప్పలేను.

మా చైర్మన్ మా అక్క మొగుడు. వాళ్ల అబ్బాయి వ్యాన్లు కొన్నాడు. పాలు చేరవేసే పని వాటికి ఇవ్వాలా అన్నది రాబోయే సమావేశంలో తేలాలి. అక్క కొట్టానికే వచ్చింది.

"మేనల్లుడికి నువ్వు చెయ్యెత్తకపోతే ఎవరెత్తుతార్రా?"

నేను గడ్డి వేస్తున్నాను.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

"చూస్తానక్కా."

"చూడ్డానికేముంది? చెయ్యి నీ దగ్గరే ఉందిగా. అది లేవకపోతే మా గడప తొక్కకు."

అమ్మ పోయాక నాది అనుకుని వెళ్లే ఇల్లు అదొక్కటే.

మా బోర్డులో ఒక పద్ధతి ఉంది. సమావేశానికి ముందు ఎవరో ఒకరు తమకు నచ్చిన పుస్తకంలోంచి ఒక పేజీ చదవాలి. పెద్దావిడ పెట్టిన అలవాటు. అందరూ లావువే తెస్తారు. వినేవాళ్లలో సగంమంది కునుకు తీస్తారు. ఆ రోజు వంతు నాది. మబ్బుల పుస్తకం తెరిచాను.

మబ్బులో నడిచేవాడికి మబ్బు కనబడదట. చొక్కా చెమ్మగిల్లడం మాత్రం తెలుస్తుందట. దాని రూపు చూడాలంటే కొండ దిగి, దూరం జరగాలట. చదువుతుంటే గది గోడలు మెత్తబడినట్టు, బల్ల మీది గ్లాసులు తేలుతున్నట్టు అనిపించింది. ఎవరూ కునుకు తీయలేదు.

"ఇంతకీ వాన పడుతుందా లేదా బామ్మర్దీ?" అన్నాడు బావ. అందరూ నవ్వారు. "సరే, మొదటిది వ్యాన్ల సంగతి."

నేను చెయ్యెత్తాను.

"చూశారా! అడక్కముందే ఎత్తాడు. మేనమామంటే అదీ!"

"ఓటుకు కాదు బావా. ఇది తేలేదాకా నువ్వు బయట కూర్చోవాలి."

బావ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు.

"నేనా?"

"నేనూ వస్తున్నా. వాడు నాకు మేనల్లుడేగా."

నేను లేచి తలుపు దాకా వెళ్లి ఆగాను. పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. చాలాసేపటికి వెనక కుర్చీ కిర్రుమంది.

వరండాలో బెంచీ. బావ దాని మధ్యలో కూర్చున్నాడు. ఎదురుగా కిటికీ. ఎర్రటి మబ్బు ఒకటి, మేత మీద ధ్యాస లేని ఆవులా, కిటికీ చట్రం దాటి పోతోంది. ఇద్దరం దాన్నే చూశాం.

"మీ అక్కకి ఏం చెప్తావు?"

నేను సంచిలోంచి హత్య కథ తీసి చేతికిచ్చాను. విసురుగా తీసుకున్నాడు. కాసేపటికి పేజీ తిప్పిన చప్పుడైంది. ఇంకొంతసేపటికి బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చాడు.

తలుపు తెరుచుకుంది. "అయిపోయింది, రండి," అన్నారు పెద్దావిడ.

"ఆగండమ్మా, ఈ పేజీ కానివ్వండి." తలెత్తకుండానే నాతో అన్నాడు: "రాత్రికి ఇంటికి రా. గడప నేను దాటిస్తాను. తిట్లు మాత్రం ఇద్దరం పంచుకోవాలి."