బూజు దులిపిన రోజు

కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది పరిశోధకురాలు. అల్మరా తలుపు తీస్తుంది, మూస్తుంది, మళ్లీ తీస్తుంది. లోపల నాలుగు సీసాలు. ఏడాదిపాటు ఒక చెట్టు బెరడును నూరి, మరిగించి, వడగట్టి తీసిన చేదు పదార్థం ఒక్కో సీసా నీళ్లలో చిటికెడు. పైన పాల మీద మీగడలా పరుచుకున్న బూజు. ఆ బూజు చేదును కాస్త కొరికి మరో పదార్థంగా మార్చాలి. అది మందుకు పనికొస్తుందని ఆమె ఆశ.

ఇప్పటికి రెండుసార్లు చేసింది. రెండుసార్లూ ప్రొఫెసర్ చెప్పినట్టే పదో రోజున తీసి చూస్తే ఏమీ మిగల్లేదు, పెట్టిందంతా బూజే తినేసింది. ముందే బూజు తీసేసి ఆపితే? మరీ ముందయితే మారదేమోనని భయం. ఈ నాలుగు సీసాలే ఆఖరు, ఆ బెరడు ఇక దొరకదు. ఇవాళ ఐదో రోజు. ఆపుదామని చెయ్యి లేస్తుంది, ప్రొఫెసర్ మాట గుర్తొచ్చి దిగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తల పైకెత్తితే కప్పు మూలల్లో బూజు వేలాడుతోంది. అది సీసాల్లో రాలుతుందేమోనని ఇంకో దిగులు పట్టుకుంది. ఊడవడానికొచ్చిన ఆయమ్మతో, "ఈ బూజంతా తీసెయ్యి ఆయమ్మా, చూస్తుంటేనే చిరాగ్గా ఉంది" అని చెప్పి కింద మీటింగుకు పరుగెత్తింది. అల్మరా తలుపు బార్లా తెరిచే ఉందన్న ధ్యాసే లేదు.

గంట తర్వాత వచ్చి చూస్తే కప్పు మీది బూజు అలాగే ఉంది. సీసాల్లోది లేదు.

"నీళ్లేం చేశావు?" అని ఆయమ్మను అడిగింది.

"పారబొయ్యమని మీరు చెప్పలేదు కదమ్మా. శుభ్రమైన గుడ్డలో వడగట్టి మళ్లీ వాటిల్లోనే పోశాను. అన్నాళ్లు అలా వదిలేస్తే బూజు పట్టక ఏం చేస్తుంది?"

తిట్టడానికి కూడా ఓపిక లేక కుర్చీలో కూలబడింది. ఏడుపొచ్చింది. పోయింది ఎలాగూ పోయిందని, ఆ నీళ్లలోంచి కాస్త తీసి, పదార్థాలను విడివిడి మచ్చలుగా చూపే పరీక్ష పలక మీద చుక్క పెట్టి, అవి విడిపోయాక నీలి దీపం కింద చూసింది. పాత చేదు పదార్థం తాలూకు మచ్చ వెలవెలబోతోంది. దాని కింద, ఇంతకుముందెన్నడూ లేని కొత్త మచ్చ, దట్టంగా. చేదు మారింది. నాలుగు సీసాల్లోనూ అంతే.

చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయిన ఆయమ్మ మెల్లగా అడిగింది.

"తప్పు చేశానా అమ్మా?"

"చేశావు ఆయమ్మా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "అది చేసే ధైర్యం లేకే పొద్దుటినుంచీ నేను చస్తున్నాను."