గడప మీద పసుపు

హాలోవెల్ స్టేషన్‌లో చివరి రైలు ఆగి అరవై ఏళ్లు దాటింది. పట్టాలు ఎప్పుడో పీకేశారు. పొగాకు బేళ్లు ఎక్కించిన ప్లాట్‌ఫాం మీద ఇప్పుడు గడ్డి మొలిచింది. అమెరికాలోని క్యారీ ఊరికి గంట దూరంలో ఉన్న ఆ స్టేషన్ చెక్క గదిని మ్యూజియం చేయాలని చివరి స్టేషన్ మాస్టర్ కూతురు రూత్ ఎనభై ఏళ్ల వయసులో పూనుకుంది. శనివారాల్లో క్యారీ నుంచి త్రివేణి, ఆమె ఆఫీసు స్నేహితుడు జితేందర్ వెళ్లి సాయం చేసేవారు.

గడప పని త్రివేణికి వచ్చింది. ఏడు పొరల రంగు గోకితే పాత చెక్క బయటపడింది. నడుమ నున్నటి గుంట.

"మా నాన్న బూట్లకు అరిగింది. దీనికి ఇక రంగు తగలనివ్వను," అంది రూత్.

మర్నాడే ప్రారంభం. అందరూ సర్దుకుంటుంటే త్రివేణికి ఆ బోసి గడపను వదిలి వెళ్ల మనసొప్పలేదు. పొద్దున గుడిలో ఇచ్చిన పసుపు, కుంకుమ బ్యాగులో ఉన్నాయి. పసుపు తడిపి రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

ఆదివారం త్రివేణి, జితేందర్ వచ్చేసరికి రూత్ మోకాళ్ల మీద కూర్చుని సబ్బునీళ్లతో రుద్దుతోంది. రుద్దేకొద్దీ గడప ఎర్రబడుతోంది.

"నిన్న సాయానికి వచ్చిన హైస్కూల్ పిల్లల పనే ఇది. ఇక ఒక్కరినీ లోపలికి రానివ్వను," అంది.

జితేందర్ గొంతు తగ్గించాడు. "పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెట్టినట్టు చేసినవ్ కదనే! సప్పుడు చేయకు. కెమెరా లేదు. ఆమెకు పసుపంటే ఏందో తెల్వది."

త్రివేణి చెవులు కాలిపోయాయి. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని తమ ఊళ్లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. చెబితే తనే దొరికిపోతుంది. రూత్ ఇంకో నాలుగుసార్లు రుద్దేదాకా అలాగే నిలబడింది. ఆ నాలుగుసార్లే త్రివేణిని ఎక్కువ సిగ్గుపెట్టాయి.

వంగి రూత్ చేతిలోని బ్రష్ పట్టుకుంది.

"ఆపండి. సబ్బుతో పోదు. పిల్లలు కాదు, నేనే రాశాను. మా ఇళ్లలో అది మర్యాద."

రూత్ సబ్బునీళ్ల బకెట్ పక్కకు జరిపింది. "నన్ను అడగాల్సింది."

గడపకు పసుపు రాయడానికి తమ ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగరు. కానీ అక్కడ ఎవరి గడపకు వాళ్లే రాసుకుంటారు.

"ఎలా పోతుంది మరి?"

"ఎండకు. కొన్నాళ్లు పడుతుంది."

రూత్ లేచి తలుపు బార్లా తెరిచింది. "అయితే నువ్విక్కడే నిలబడు. అడిగినవాళ్లకు నువ్వే చెప్పు."

మొదట వచ్చిన ముసలాయన కాలు ఎత్తబోయి ఆగి, కిందికి చూశాడు. త్రివేణి తల ఎత్తలేదు.

"అది నేను చేసిన పనండీ," అని మొదలుపెట్టింది.