ప్రార్థన అంశం

పాటలమ్మ ఏ మాట చెప్పినా ముందు కళ్లు తుడుచుకుని చెబుతుంది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే గనుక అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ శుక్రవారం స్త్రీల కూడికలోనూ కళ్లు తుడుచుకునే మొదలుపెట్టింది.

"ఒక ప్రార్థన అంశం అక్కా. మన డ్రైవరన్న మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం బ్రాందీ షాపు గోడ పట్టుకుని తూలుతుంటే నా కళ్లారా చూశాను. పలకరిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. ఎవరికీ చెప్పకండి. ప్రార్థన మాత్రం చేయండి."

'ఎవరికీ చెప్పకండి' అన్న మాటకే కాళ్లెక్కువ. పొద్దుగూకకముందే అది సంఘమంతా తిరిగి, డ్రైవరన్న కంటే ముందే అతని ఇంటికి చేరింది.

చర్చి బడి వ్యాను నడిపేది అతనే. ఒకప్పుడు తాగేవాడన్నది నిజం. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి చుక్క ముట్టలేదు. భార్య ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆ సాయంత్రం అతను చెప్పులు విప్పుతుండగానే ఎదురొచ్చి, ఏమీ అడగకుండా ముఖం దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఖాళీ కడుపు వాసన తప్ప ఏమీ రాలేదు. అతను ఒక్క క్షణం ఆమె వైపు చూసి, నోరు బార్లా తెరిచాడు.

"ఇంకా లోపలికి చూడు. పనిలో పనిగా పుచ్చిపళ్లు కూడా చూసిపెట్టు."

ఆమెకు తల తీసేసినట్టయింది. అతను మాత్రం చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆదివారం ఆరాధన కాగానే సంఘపెద్ద వచ్చి చెయ్యి చాపాడు.

"పిల్లల బండి కదా తమ్ముడూ. తాళాలు ఇచ్చెయ్."

"నేను తాగలేదన్నా. కళ్లు తిరిగాయి."

"పట్టుబడ్డవాళ్లందరికీ కళ్లే తిరుగుతాయి."

డ్రైవరన్న తాళాలు ఇచ్చేశాడు. భార్య ఆ రోజు నుంచి చర్చి గడప తొక్కలేదు. అతను మాత్రం వెళ్లి చివరి బల్ల మీద కూర్చుని వచ్చేవాడు. పొద్దున్నే మోకాళ్లూని అందరి పేర్లూ చెప్పుకునేవాడు. ఒకరోజు అందులో పాటలమ్మ పేరు విని భార్య కత్తెర బల్ల మీద విసిరికొట్టింది.

"ఆవిడ గొంతు బాగుండాలని కూడా ప్రార్థనేనా? ఆ గొంతుతోనే కదండీ మన పరువు తీసింది!"

"గొంతు ఏం చేసిందే పాపం. మాటే కాస్త దారి తప్పింది."

"మీకు సిగ్గూ శరమూ లేవు."

"ఉన్నాయి. అయినా ఆవిడ మనమనిషి. కాదనుకుంటే పోతుందా?"

ఆ తర్వాత కొన్నాళ్లకు అతను ఇంట్లోనే, ఆమె కళ్లెదుటే పడిపోయాడు. ఒళ్లంతా చెమటలు. చూపు నిలవడం లేదు. ఏదో చెప్పబోతే నాలుక మడతపడింది. అచ్చం తాగిన మనిషే. పక్కింటివాళ్ల ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. గ్లూకోజు ఎక్కించాక అతను కళ్లు తెరిచి, "వ్యాను ఎవరు తోలుతున్నారు?" అన్నాడు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

డాక్టరమ్మ అంతా ఆరా తీసింది. "షుగర్ మాత్ర వేసుకుని ఉపవాసమా! దేవుడు అడిగాడా అలా చేయమని? షుగర్ పడిపోతే మనిషి తాగినట్టే తూలుతాడు. ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందా?"

"అయింది. అప్పుడూ శుక్రవారం ఉపవాసమే" అంది భార్య. భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సంగతి తెలిసిన రోజే పాస్టరుగారు ఇంటికి వచ్చారు. "అడగకుండానే తీర్పు తీర్చాం. క్షమించమ్మా" అని ఆమె ముందే చేతులు జోడించారు. సంఘపెద్ద మాత్రం గుమ్మం దగ్గరే చెప్పుల వైపు చూస్తూ నిలబడిపోయాడు. డ్రైవరన్నే లేచి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

ఆ ఆదివారం ఆమె భర్తతో చర్చికి వెళ్లింది. పాటలమ్మ రాలేదు. పాట ఎత్తుకునేవాళ్లు లేక, మగాళ్లు ఒక శ్రుతిలో, ఆడవాళ్లు ఒక శ్రుతిలో లాగి, చివరికి ఎవరి దారిన వాళ్లు పూర్తిచేశారు. 'బాగా అయింది' అనుకుంది ఆమె. పై ఆదివారమూ పాటలమ్మ రాలేదు. అప్పుడు 'బాగా అయింది' అనుకోబోతే మనసు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుడితే మళ్లీ పోయింది. మిషను మీద గుడ్డ కప్పి, కొంగు సర్దుకుని బయల్దేరింది.

పాటలమ్మ తలుపు సగమే తీసింది. మనిషి వాడిపోయి ఉంది.

"లోపలికి రమ్మనడానికి నాకు నోరు లేదు వదినా."

"నీకు నోరు లేకపోవడమేంటి? ఊరందరికీ పంచినా మిగులుతుంది. తప్పుకో."

ఆమె లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది. పాటలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఈసారి కళ్లు తుడుచుకోలేదు, వాటి దారిన వాటిని వదిలేసింది.

"నన్ను తిట్టు వదినా."

"తిట్టడానికే వచ్చాను."

నిజంగానే తిట్టింది. తాళాలు లాక్కున్న పూట గురించి, వీధిలో ముఖాలు తిప్పుకున్నవాళ్ల గురించి, బట్టలు కుట్టించుకోవడం మానేసినవాళ్ల గురించి, కన్నీళ్లలో ముంచి తీసే ప్రార్థన అంశాల గురించి ఊపిరాడకుండా తిట్టింది. ఉన్నట్టుండి ఆమె ఆగిపోయింది.

"అయిపోయిందా?" అంది పాటలమ్మ భయంభయంగా.

"ఇంకా ఉంది. గుర్తు రావడం లేదు."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఏడుస్తూనే ఇద్దరూ నవ్వారు.

"నాకు నిజం తెలిసిన రోజే రావాలనుకున్నాను" అంది పాటలమ్మ. "ఆయన్ని గోడ పక్కన వదిలేసి వచ్చాను చూడు, అదే తలుచుకుంటూ ఉన్నాను. కాసిని మంచినీళ్లయినా ఇవ్వలేదు. ఆయనకేమైనా అయ్యుంటే?"

"ఏమీ కాలేదుగా." ఆమె గొంతు మెత్తబడింది. "నువ్వు పైపైన చూసి అనుకున్నావు. కట్టుకున్నదాన్ని, నేను నోరు వాసన చూశాను. ఆయన నన్నొక్క మాట అనలేదు. నువ్వు వచ్చి అడిగితే క్షమిద్దామని కూర్చున్నాను. ఆయన నేను అడిగేదాకా ఆగారా? నేను మాత్రం నువ్వు అడిగేదాకా ఎందుకాగాలి? నా వల్ల కావడం లేదు వదినా ఈ బరువు. వదిలేశాను. ఇంక టీ పెట్టు, నోరెండిపోయింది."

ఆదివారం పాటలమ్మ వచ్చింది. ప్రభువు బల్ల రొట్టె పంచకముందే లేచి, "నేను చూసింది సగం, చెప్పింది రెండింతలు" అంటూ అందరి ఎదుటా ఒప్పుకుంది. తర్వాత సంఘపెద్ద లేచాడు. ఆయన వెనక కూడికలోని ఆడవాళ్లూ ఒక్కొక్కరే లేవడం చూసి, డ్రైవరన్న కంగారుగా నిలబడ్డాడు.

"అందరూ కూర్చోండి బాబూ! ఇలా లైను కడితే నా మాత్రల వేళ దాటిపోతుంది. పాట ఎత్తుకో చెల్లెమ్మా."

చర్చి అంతా ఘొల్లున నవ్వింది. పాటలమ్మ పాట మరీ పైశ్రుతిలో ఎత్తుకుంది. అందుకోలేక సగం మంది గొంతులు చిట్లాయి. అయినా ఎవరూ ఆపలేదు.

డాక్టరమ్మ సరేనన్నాక వ్యాను తాళాలు మళ్లీ డ్రైవరన్న చేతికి వచ్చాయి. ఇప్పుడు అతనికి వచ్చిన కష్టం ఒక్కటే. దారిలో సంఘంలోని ఏ ఆడమనిషి కనబడినా వందనాలు చెప్పకముందే, "తిన్నావా అన్నా?" అంటుంది. తిన్నానన్నా నమ్మదు.