పసుపంటిన పరీక్ష టికెట్

నేను ఒక పరీక్ష టికెట్‌ని. సినిమా టికెట్‌ని కాను, బస్సు టికెట్‌ని అసలే కాను. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో రష్యన్ చదివే పిల్లలకు మౌఖిక పరీక్షనాడు చెమటలు పట్టించడం నా ఉద్యోగం. రష్యాలో ఇదొక పద్ధతి. ప్రశ్నలు రాసిన అట్టముక్కలను బల్ల మీద బోర్లా పరుస్తారు. ఒకటి తీయాలి, అందులో ఏముంటే దాని గురించి రష్యన్‌లో మాట్లాడాలి. చేతకాకపోతే ఇంకోటి తీసుకోవచ్చు. కానీ ఉన్న అయిదు మార్కుల్లో ఒకటి పోతుంది.

కుర్రతనంలో లెనిన్‌గ్రాద్‌లో చదువుకున్న భాగ్యారావు మాస్టారు ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చారు. అట్ట కొనడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు. ఇంట్లో పేరుకుపోయిన శుభలేఖలను ముక్కలు కోసి, అచ్చు ఉన్న వైపు తెల్లకాగితం అంటించి, రెండో వైపు ప్రశ్నలు రాశారు. అలా పదకొండో నంబరుగా పుట్టాను. అది ఎవరి పెళ్లో నాకు తెలియదు. వరుడి పేరులో సగం నా కడుపులో ఉంది. మిగతా సగం తొమ్మిదో నంబరు దగ్గరుంది.

శుభలేఖ మూలలకు పసుపు రాస్తారు కదా. కోతల్లో మిగతా మూలలన్నీ పోయి నా మూల ఒక్కటే మిగిలింది. ఏడాది తిరిగేసరికి ఆ పసుపు తెల్లకాగితంలోంచి పైకి తేలింది. దాంతో నా దశ తిరిగింది. బోర్లా పడుకున్నా నేనెవరో పిల్లలందరికీ తెలిసిపోయేది. నాలో ఉన్న ప్రశ్న ‘రష్యన్ ఇంట్లో అతిథి మర్యాదలు’. దాని జవాబు సీనియర్ల నుంచి జూనియర్లకు అక్షరం పొల్లు పోకుండా అందేది. రొట్టె, ఉప్పు, టీ, మళ్లీ టీ. ముందు లోపలికి వెళ్లినవాళ్లదే అదృష్టం. మాస్టారు తల ఊపుతూ వినేవారు. ఆయనకేమీ తెలియదనుకున్నారు పిచ్చి పిల్లలు.

అలాంటి రోజుల్లో వసుధ వచ్చింది. సిరిసిల్ల అమ్మాయి. రాతలో ఆమెను మించినవాళ్లు లేరు. మాట్లాడమంటే మాత్రం ఒక్క వాక్యమూ పూర్తయ్యేది కాదు. ఆ ఏడు వోల్గా ఒడ్డున ఒక విశ్వవిద్యాలయం ఒకే ఒక్క సీటు ఇస్తానంది. ఏడాది చదువు, ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పే దుబాసీగా శిక్షణ. మౌఖికంలో అయిదుకి అయిదు రావాలి. ఆ సీటు తప్ప వసుధకు మరో ధ్యాస లేదు.

పరీక్ష రోజు తలుపు బయట ఫిరోజ్ గొంతు వినిపించింది. క్లాసు మొత్తంలో అల్లరివాడు.

“ఫస్ట్ నువ్వే పో వసుధా. అందరం అనుకున్నం. పసుపుది నీకే.”

“నోరు రాకపోతే ఎట్లరా?”

“వారం సంది బట్టీ కొడ్తనే ఉన్నవ్ గద! బటన్ నొక్కితే పాడుతవ్. నాలుగొచ్చినా దావత్ ఇయ్యాలె.”

“నాలుగొస్తే దావత్ కాదు, నాకు దినం పెట్టాలె.”

వసుధ లోపలికి వచ్చింది. బల్ల వైపు చూసి అలాగే నిలబడిపోయింది.

బల్ల మీద ప్రతి టికెట్‌కూ పసుపు మూలే!

పొద్దున మాస్టారు టీ కప్పులో పసుపు కలిపి, వేలితో అన్నిటికీ పూశారు. నా పాత మరక మీద కూడా కొత్త పూత వేశారు. “అదే రొట్టె, అదే ఉప్పు! ఇన్నేళ్లు విన్నాను, ఇంక నా వల్ల కాదు” అని గొణుక్కోవడం నేను విన్నాను. పక్కనే రెండో ఎగ్జామినర్‌గా గలీనా పెత్రోవ్నా కూర్చున్నారు. ఆ ఏడు పాఠాలు చెప్పడానికి ఆ వోల్గా విశ్వవిద్యాలయం నుంచే వచ్చారు. ఈ భాగోతం ఆమెకు తెలియదు.

వసుధ చేతికి అందిన టికెట్ తీసింది. నాలుగో నంబరు, ‘చలికాలంలో రైలు ప్రయాణం’. ‘రైలు’ అని రష్యన్‌లో మొదలుపెట్టి, అక్కడే ఆగి, టికెట్ కింద పెట్టేసింది.

“ఇంకోటి తీసుకుంటావామ్మా?” అన్నారు మాస్టారు మెల్లగా, తెలుగులో.

ఆమె చెయ్యి బల్ల మీదికి వచ్చింది. తడుముకుంటూ తడుముకుంటూ వచ్చి సరిగ్గా నా మీద ఆగింది. నా గుండె, నాకంటూ ఒకటుంటే, అక్కడే ఆగిపోయేది. తీస్తే గడగడా చెప్పేస్తుంది. కానీ తీసిన మరుక్షణం మార్కు పోతుంది, సీటూ పోతుంది. తియ్యమని అరవాలో, వద్దని అరవాలో తెలియలేదు. అరవడానికి నోరూ లేదు.

“ఒక్క నిమిషం,” అన్నారు గలీనా పెత్రోవ్నా రష్యన్‌లో. “నీ వేళ్లకు ఆ పసుపురంగేమిటి?”

అది పరీక్ష ప్రశ్న కాదు. నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగారు.

“ఇది... పసుపు. మా దగ్గర పెళ్లి పత్రికల మూలలకు రాస్తారు.” వసుధకు తెలియకుండానే జవాబు రష్యన్‌లో వచ్చేసింది.

“ఎందుకు?”

“మంచి జరగాలని.”

“మరి పరీక్షకెందుకు?”

“ఈ అట్టలు పెళ్లి పత్రికలే కదండీ!”

గలీనా పెత్రోవ్నా ఒక టికెట్‌ను కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, లోపలి అక్షరాలు చూసి పకపకా నవ్వారు. మాస్టారు దగ్గి, పైకప్పు వైపు చూశారు.

“పూత ఇంకా తడిగా ఉందేం?”

ఇక్కడ ఒక చిన్న అబద్ధం చాలు. వసుధ మాస్టారి ముఖంలోకి చూసింది. తర్వాత రష్యన్‌లో మాటల వరద మొదలైంది. ఒక్కదానికే పసుపు ఉండేదని, అది అందరికీ తెలుసని, తాను దానికోసమే ముందు వచ్చానని, మాస్టారు తమను చావుదెబ్బ కొట్టారని చెప్పింది. విభక్తులు విరిగాయి, లింగాలు తారుమారయ్యాయి. అయినా ఆగలేదు. చేతులు గాల్లో తిప్పుతూ చెప్పింది. ఆ తిప్పడంలోనే నన్ను వదిలేసింది.

“మోసం చేద్దామనే వచ్చింది, చూశారా,” అన్నారు మాస్టారు రష్యన్‌లో.

“వచ్చింది, అదీ తనే చెప్పింది. రెండో టికెట్ తియ్యలేదు. అడిగినదానికల్లా జవాబిచ్చింది. దుబాసీకి ఇంకేం కావాలి?”

ఆమె అయిదు వేశారు. మాస్టారు వెంటనే పక్కన తన అయిదూ వేశారు. ఆ కలం అప్పటికే మూత తీసి ఉండటం నేను చూశాను.

బయట ఫిరోజ్ ఎగబడ్డాడు. “పసుపుదే దొరికిందా?”

“ఏమో రా. టికెట్ సంగతే మర్చిపోయిన. కూసొని ముచ్చట పెట్టొచ్చిన.”

తర్వాతి వంతు అతనిదే. బల్ల చూసి “యా అల్లా” అన్నాడు. రష్యన్‌లో అతను చెప్పిన దానికంటే అదే స్పష్టంగా ఉంది.

జ్ఞాపకానికి ఉంటుందని గలీనా పెత్రోవ్నా ఒక టికెట్ అడిగి తీసుకున్నారు. అది నేనే. ఇప్పుడు వోల్గా ఒడ్డున ఆమె వంటింట్లో ఉన్నాను. నా ప్రశ్న గోడ వైపు, పసుపు గది వైపు ఉండేలా మేకు కొట్టారు. ఆదివారాలు వసుధ టీకి వస్తుంది. ఒకసారి మాట్లాడటం మొదలుపెట్టిందంటే మధ్యలో దూరడానికి రష్యన్లకే సందు దొరకదు. మాటల మధ్య నా వైపు చూసి నవ్వుతుంది. ఆనాడు తన వేళ్ల కింద పడుకున్న పదకొండో నంబరును నేనేనని ఆమెకు ఇప్పటికీ తెలియదు. తిప్పి చూడాలని ఒక్కసారీ అనిపించలేదు. చూడకపోవడమే నాకిష్టం.