జంట సైకిలు అమ్మిన మనిషి

నన్ను మోసం చేసిన మనిషి నాకు ఏడు అబద్ధాలు చెప్పాడు. ఒక్క నిజం చెప్పాడు. ఆ ఒక్కటి ఏదో తేలడానికి ఆరు వారాలు పట్టింది. తేలింది కూడా ఎక్కడో కాదు, ఒక ముసలావిడ ఇంటి మరుగుదొడ్డిలో.

నా పేరు హార్మెన్. స్నేక్ అనే ఊళ్ళో, పడవలు వెళ్ళడానికి కాలువ మీది వంతెన ఎత్తి దించడం నా ఉద్యోగం. నా భార్య నింకెకు రెండేళ్ళుగా చూపు తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించదు, చుట్టూ అంచులు మాత్రం లీలగా కనిపిస్తాయి. వేసవి మొదట్లో వచ్చే పెంతెకోస్తు పండుగ సోమవారం నాడు మా ప్రాంతంలో పదకొండు ఊళ్ళు చుట్టి వచ్చే సైకిలు యాత్ర జరుగుతుంది. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి రెండు వందల నలభై కిలోమీటర్లు. మేమిద్దరం పద్నాలుగుసార్లు పూర్తి చేశాం, ఎవరి సైకిలు మీద వాళ్ళం. నిరుడు నేనొక్కణ్ణే తొక్కాను. నింకె గట్టు మీద నిలబడి చెయ్యి ఊపింది. నేను లేని వైపుకు ఊపింది.

ఆ రోజే అనుకున్నాను, వచ్చే ఏడాదికి ఇద్దరూ కలిసి తొక్కే జంట సైకిలు కొనాలని.

కొత్తది మా తాహతుకు మించింది. పాత సామాన్లు అమ్ముకునే వెబ్‌సైటులో వెతికాను. ఏప్రిల్ పన్నెండు, శనివారం పొద్దున, నీలం రంగుది ఒకటి కనిపించింది. ఎనిమిది వందల యాభై యూరోలు. అమ్మేవాడి పేరు బాస్ పోస్త్మా. ఈ మధ్యాహ్నమే వచ్చి చూసి తీసుకెళ్తానని రాశాను.

"ఇవాళ కుదరదండీ. నా పుట్టినరోజు. ఇంటినిండా జనం. డబ్బు పంపితే సోమవారం లారీలో వేయిస్తాను," అని జవాబు వచ్చింది.

మావాళ్ళ పుట్టినరోజు అంటే గదిలో గుండ్రంగా కుర్చీలు వేసుకుని చుట్టాలందరూ కూర్చుని ఉంటారు. అలాంటి చోటికి పరాయివాడు సైకిలు బేరానికి వెళ్ళడమంటే పెళ్ళిపీటల మీద ఉన్నవాణ్ణి అప్పు అడగడమే. కళ్ళతో చూడకుండా సైకిలు కొంటున్నానన్న సంగతి నాకు తట్టలేదు. మర్యాద తప్పకూడదన్నదొక్కటే తట్టింది. "శుభాకాంక్షలు. మీ ఇంట్లో అందరికీ కూడా," అని రాశాను. మా దేశంలో ఒకరి పుట్టినరోజుకు ఇంటిల్లిపాదికీ చెబుతాం. డబ్బు పంపేముందు బ్యాంకు యాప్ పేరు సరిచూసింది. బి. పోస్త్మా, సరిపోయింది. పంపేశాను.

సోమవారం లారీ రాలేదు. మంగళవారం డ్రైవరుకు జ్వరం. బుధవారం చక్రం వంగిందట, బాగుచేయిస్తున్నాడట. శుక్రవారానికి ప్రకటనా లేదు, మనిషీ లేడు.

ఆ సాయంత్రం వంటింట్లో నింకెకు చెప్పాను. ఆమె బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. చెయ్యి ఆగలేదు.

"ఏడుస్తున్నావా?" అంది.

"లేదు."

"ముక్కు చప్పుడు వినిపిస్తోంది."

"జలుబు."

"సరేలే. వాడు రాసినవన్నీ చదువు. మొదటినుంచీ."

చదివాను. ఆమె కత్తితోనే గాల్లో లెక్కపెట్టింది. పేరు, సైకిలు, లారీ, జ్వరం, చక్రం, మరమ్మతు, రేపు తప్పకుండా పంపుతానన్న మాట.

"ఏడు," అంది. "పుట్టినరోజు?"

"అది ఎనిమిదోది."

"ఒక్కో జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూడు."

చూశాను. జ్వరం రావడానికి రెండు గంటలు పట్టింది. చక్రం వంగడానికి గంటన్నర. లారీ మాట పుట్టినరోజు మాట వెంటే వచ్చింది. పుట్టినరోజు మాత్రం నేనడిగిన నిమిషంలోపే.

"చూశావా. అది ఆలోచించి చెప్పింది కాదు, నోట్లోంచి జారింది," అంది నింకె. "నాకు డబ్బు సంగతి అలా ఉంచు, వాడెవడో తెలుసుకోవాలని ఉంది."

"నాకు డబ్బు కావాలి."

"నీకు డబ్బు, నాకు మనిషి. ఇద్దరం ఒకే బస్సు ఎక్కొచ్చు."

బస్సు ఎక్కడానికి ముందు కాగితాల పని ఉంది. పోలీసులకు ఫిర్యాదు రాశాను. బ్యాంకుకు ఫోను చేశాను.

"ఖాతాదారుకు మేం ఉత్తరం రాస్తాం సార్," అంది బ్యాంకు అమ్మాయి. "మూడు వారాల గడువు ఉంటుంది. డబ్బు తిరిగి ఇవ్వకపోతే పేరూ చిరునామా మీకిస్తాం. కోర్టుకు వెళ్తారో మానేస్తారో మీ ఇష్టం."

గడువు దాటింది. డబ్బు రాలేదు. మే నెలాఖరులో కవరు వచ్చింది. అందులో ఉన్న పేరు బాస్ కాదు. బౌక్యె పోస్త్మా. ఆడమనిషి. హార్లింగెన్ ఓడరేవు దగ్గర వీధి.

ఈలోగా దగ్గర్లోని బోల్స్‌వర్డ్ ఊళ్ళో సైకిళ్ళ దుకాణంవాడి దగ్గరికి ఒక పాత జంట సైకిలు వచ్చింది. ఇంచుమించు అదే ధర. శనివారం దాకా ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాడు. యాత్రకు రెండు వారాలు కూడా లేవు. మా దగ్గర మరో ఎనిమిది వందలు లేవు.

"కోర్టుకు ఆరు నెలలు," అంది నింకె. "హార్లింగెన్‌కు గంట. పద."

"వెళ్ళి ఏమంటాం?"

"కాఫీ తాగుతాం. తర్వాత చూద్దాం."

తలుపు తీసిన మనిషికి ఎనభై నాలుగేళ్ళు. చేతిలో కర్ర, మెడలో కళ్ళజోడు. బ్యాంకు కాగితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని గుమ్మంలోనే మొత్తం చదివింది. లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది. చెరో బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది.

"నేను ఒకరి పెన్సిలు కూడా ఎత్తుకెళ్ళినదాన్ని కాదు," అంది.

"మేం మిమ్మల్ని అనడం లేదు అమ్మగారూ," అన్నాను. "బ్యాంకువాళ్ళు మీకు ఉత్తరం రాశారట."

"ఉత్తరాలు నేను విప్పను. మావాళ్ళు చూస్తారు."

"ఏ వాళ్ళు?"

"మావాళ్ళు."

నింకె మెల్లగా అడిగింది. "మీ బ్యాంకు కార్డు ఎక్కడుంది అమ్మగారూ?"

"ఎక్కడుంటుంది, సొరుగులో ఉంటుంది." బౌక్యె లేచి వెళ్ళి సొరుగు లాగింది. కాగితాలు కదిపిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు ఆమె ముఖం మారిపోయి ఉంది.

"ఎవరికిచ్చారు?" అన్నాను.

"అది మీకు చెప్పను. ఇంట్లోవాళ్ళ పేరు బయటివాళ్ళ చేతికివ్వను. మీరు కోర్టుకు వెళ్ళండి. నేనే వచ్చి నిలబడతాను."

నిలబడేలాగే ఉంది. కోర్టులో ఈవిడ ఎదురుగా నేను నిలబడటం ఊహించుకున్నాను. కప్పు బల్ల మీద పెట్టేశాను. మరుగుదొడ్డి ఎటువైపని అడిగాను.

తలుపు వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా తలుపు మీద పుట్టినరోజుల క్యాలెండరు. మా దేశంలో అది వేలాడేది అక్కడే. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఎవరికి ఫోను చెయ్యాలో గుర్తొస్తుందని. నేను అప్పటికి వెయ్యిసార్లు ఇలాంటివి చూసి ఉంటాను. మే నెల పేజీ తెరిచి ఉంది. చెయ్యి దానంతటదే వెనక్కి తిప్పింది.

ఏప్రిల్. ఆ నెల మొత్తానికి ముగ్గురు. మూడో తేదీ, పన్నెండో తేదీ, ముప్పయ్యో తేదీ. పన్నెండు ఎదురుగా నీలం సిరాతో ఒకే పేరు.

మారిట్, 1996.

ప్యాంటు మోకాళ్ళ దగ్గర పెట్టుకుని అంత గట్టిగా గుండె కొట్టుకున్న సందర్భం నా జీవితంలో మరొకటి లేదు.

బయటికి వచ్చి కూర్చున్నాను. "అమ్మగారూ, ఏప్రిల్ పన్నెండున ఈ ఇంట్లో కేకు కోశారా?"

బౌక్యె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "మరుగుదొడ్డికని వెళ్ళి మా చుట్టాల జాబితా తీసుకొచ్చారా?"

"తలుపు మీద ఉంది. కళ్ళు మూసుకుని కూర్చోలేను కదా."

"నన్ను పంపి ఉంటే మీ రహస్యం భద్రంగా ఉండేది," అంది నింకె. "నాకెటూ కనిపించదు."

ముసలావిడ నోరు నవ్వబోయి ఆగిపోయింది. నింకె కళ్ళ వైపు అప్పుడే సరిగ్గా చూసినట్టుంది. కప్పు సాసరు మీద పెట్టింది.

"ఆ సైకిలు ఈ అమ్మాయి కోసమా?" అని నన్నడిగింది.

"ఇద్దరి కోసం."

"మారిట్ మా చెల్లెలి మనవరాలు. గురువారం గురువారం వచ్చి నా కాగితాలు చూస్తుంది. ఆ రోజు ఇక్కడే చేశాం, పద్నాలుగు మంది వచ్చారు," అంది బౌక్యె. "కేకు కోస్తూ మధ్యలో ఫోను చూసుకుని నాతో అంది, అమ్మమ్మా, ఎవరో నీకు కూడా శుభాకాంక్షలు చెప్పారే అని. ఎవరే అంటే, ఎవరో సైకిలాయన అంది. ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను."

ఆవిడ కర్ర పట్టుకుని లేచి ఫోను అందుకుంది.

"మారిట్, రా. లేదు, ఇప్పుడే. చేపలు వేరేవాళ్ళు వేయిస్తారు. నా కార్డు తీసుకుని రా."

ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఆరు వారాలుగా నేను మనసులో తిట్టుకున్న బాస్‌కు గడ్డం ఉండేది, మెడ లావుగా ఉండేది. వచ్చిన అమ్మాయి సన్నగా పొడుగ్గా ఉంది. ఒంటి మీద వేయించిన చేపల వాసన. మమ్మల్ని చూసింది, బల్ల మీది కాగితం చూసింది, ఎవరమో అడగలేదు.

"కార్డు అక్కడ పెట్టు," అంది బౌక్యె. "బ్యాంకువాళ్ళు ఈ ఖాతా మూసేస్తే నా పింఛను ఎక్కడ పడుతుందే? నీ జేబులోనా?"

"అమ్మమ్మా, నేను..."

"నాతో కాదు. వాళ్ళతో."

మారిట్ నాతో మాట్లాడటం మొదలుపెట్టింది, నా చొక్కా గుండీ వైపు చూస్తూ. లేవార్డెన్ పట్నంలో ఉండటానికి ఒక గది దొరికిందట. ఇంటాయన రెండు నెలల అద్దె ముందే అడిగాడట. సైకిలు ఫొటో ఎవరో జర్మన్ వాళ్ళ ప్రకటనలోంచి తీసుకుందట. డబ్బు ఇంకా కట్టలేదు, ఈ శుక్రవారం కట్టాలి.

"అంటే డబ్బు ఉందన్నమాట," అన్నాను.

"ఉంది."

నేను అక్కడితో ఆగేవాణ్ణి. నింకె ఆగలేదు. "మాలాంటివాళ్ళు ఇంకెంతమంది?"

అమ్మాయి తల దించుకుంది.

"నేను ముఖం చూడలేనమ్మా. నోటితో చెప్పాలి."

"ఇంకో ఇద్దరు."

"వాళ్ళ ఖాతా నంబర్లు ఉన్నాయిగా. ముందు వాళ్ళకు పంపు. తర్వాత మాకు."

"అన్నీ పంపేస్తే గది పోతుంది."

"పోతుంది," అంది బౌక్యె. "పంపు."

మారిట్ నిలబడే ఫోను తీసింది. మూడుసార్లు వేలు ఆడింది. మూడోసారికి నా జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. బి. పోస్త్మా నుంచి, పూర్తిగా. గెలిచినట్టు అనిపించాలి. ఆ అమ్మాయి చేతులు ఎప్రన్‌కు తుడుచుకోవడం చూస్తుంటే అంతగా అనిపించలేదు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకోను," అన్నాను. "డబ్బు తిరిగి వచ్చిందని మాత్రం రాస్తాను. అమ్మగారికి ఏమీ తెలియదని కూడా."

మారిట్ తల ఊపింది. వెళ్ళబోతుంటే నింకె పిలిచింది.

"ఒక్క మాట మారిట్. అన్నీ అబద్ధాలే చెప్పావు కదా. పుట్టినరోజు ఎందుకు నిజం చెప్పావు?"

అమ్మాయి గుమ్మంలో ఆగి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, తనకూ ఇప్పుడే ఆ ప్రశ్న వచ్చినట్టు.

"ఒక చేతిలో కేకు కోసే కత్తి ఉంది. అత్తయ్యలు పళ్ళాలు చాపి నిలబడ్డారు. ఆయన ఇవాళే వస్తానన్నాడు. అబద్ధం వెతుక్కునే టైము లేదండీ," అంది. "ఆ తర్వాత ఆయన శుభాకాంక్షలు రాశాడు. అప్పుడే ఆపేద్దామనుకున్నాను."

"మరి?"

"డబ్బు వచ్చేసింది."

నింకె తల పంకించింది. ఆమెకు కావలసింది దొరికిందని ఆ తల పంకించడంలోనే నాకు తెలిసింది. బౌక్యె బిస్కెట్ల డబ్బా మూత తీసి మా ముందుకు తోసింది. తర్వాత మారిట్‌ను కూర్చోమంది. చెప్పాల్సింది చాలా ఉన్నట్టుంది, మేం లేచాం.

వీధిలోకి రాగానే బోల్స్‌వర్డ్ దుకాణానికి ఫోను చేశాను.

"ఉంది సార్, ఇక్కడే ఉంది," అన్నాడు దుకాణంవాడు. "ఇందాకే ఒకాయన అడిగితే లేదన్నాను. సీట్లు సరిచెయ్యాలి. ముందు ఎవరు కూర్చుంటారు?"

నేను నోరు తెరిచేలోపు నింకె నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ముందు కూర్చునేది ఆయన," అంది. "వెనక సీటు కొంచెం ఎత్తులో పెట్టండి. మా ఆయన గాలికి ఎదురు తొక్కేటప్పుడు ఏడుస్తాడు, నేను వినాలి."